పురుగుకైనా, పిట్టకైనా, మనిషికైనా విషం ఒక్కటే



ఈ సంచికలో మన ఆరోగ్య పాఠం పురుగుమందుల గురించి, వాటివల్ల చచ్చిపోతున్న పిట్టలు, చేపలు, తేనెటీగలు, జింకల గురించి. "ఇది వ్యవసాయ శాఖవారు, అటవీ శాఖవారు చెప్పవలసిన సంగతి కదా, నర్సమ్మకు దీనితో ఏమి పని?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఆగస్టు నుండి నవంబరు వరకు, అంటే మన పెద్దకడుబూరు, ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పత్తి, మిరప చేలకు మందులు కొట్టే నెలల్లో, ఏ ఆసుపత్రి క్యాజువాలిటీలో పనిచేసే నర్సును అడిగినా ఆ పని ఏమిటో చెబుతుంది. కళ్ళు మసకలు కమ్మాయని, నోటినిండా చొంగ కారుతోందని, చేతులు వణుకుతున్నాయని మనుషులను మోసుకొని వస్తారు. మనిషి కనుక ఆసుపత్రికి తెచ్చారు. అదే చేలో, అదే రోజున, అదే మందుకు పడిపోయిన పిట్టను ఎవరూ ఎక్కడికీ తీసుకుపోరు. అయితే ఆ పిట్టకు వచ్చిన జబ్బు, ఈ మనిషికి వచ్చిన జబ్బు ఒక్కటే. ఈ పాఠంలో ముఖ్యంగా నేర్చుకోవలసినది ఇదే.

శరీరంలో ఏమి జరుగుతుంది?

మన చేలల్లో ఎక్కువగా వాడే మందులలో ఆర్గానోఫాస్ఫరస్ అనే జాతి ఒకటి. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్, ఎసిఫేట్ ఇవన్నీ ఆ కుటుంబంలోనివే. అవి పనిచేసే తీరు తెలుసుకుంటే మిగతాదంతా సులభంగా అర్థమవుతుంది.

మనం చెయ్యి ఎత్తాలంటే నరం నుండి కండరానికి ఒక కబురు వెళ్ళాలి. ఆ కబురు మోసే పదార్థం పేరు అసిటైల్ కోలిన్. కబురు అందిన వెంటనే దానిని చెరిపివేయడానికి శరీరంలో ఒక ఎంజైము ఉంటుంది. ఆ ఎంజైము వల్లనే ఎత్తిన చెయ్యి మళ్ళీ దిగుతుంది, మూసిన రెప్ప మళ్ళీ తెరుచుకుంటుంది. ఆర్గానోఫాస్ఫరస్ మందు ఈ చెరిపే ఎంజైమును కట్టివేస్తుంది. అప్పుడు కబురు ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటుంది. చెమట, కన్నీరు, చొంగ ధారగా కారతాయి. కంటిపాప సూదిమొనంత అవుతుంది. వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కండరాలు అదిరి అదిరి చివరకు చచ్చుబడతాయి. ఊపిరి తీసే కండరాలు కూడా చచ్చుబడితే ప్రాణం పోతుంది.

ఈ ఎంజైము మనిషిలో మాత్రమే కాదు, పురుగులో ఉంది. పిట్టలో ఉంది. చేపలో, కప్పలో, కుక్కలో, ఎద్దులో ఉంది. మందు డబ్బా మీద పురుగు బొమ్మ వేసినంత మాత్రాన ఆ మందు పురుగును మాత్రమే వెతుక్కుంటూ పోదు. ఎవరి శరీరంలోకి వెళితే వారిని పట్టుకుంటుంది. తేడా అంతా ఎంత వెళ్ళిందన్నదానిలోనే ఉంది.

ముందు ఎవరు పడతారు?

అరవై కిలోల మనిషిని ఏమీ చేయని మోతాదు చిన్న పిట్టకు చాలా ఎక్కువ. పిట్ట తన బరువుతో పోలిస్తే మనకంటే ఎక్కువ తింటుంది, ఎక్కువ గాలి పీలుస్తుంది. తేనెటీగ అంతకంటే చిన్నది. చేప నీటిలోనే ఊపిరి తీస్తుంది గనుక నీటిలో పడినదంతా మొప్పల గుండా నేరుగా దాని రక్తంలోకి పోతుంది. అందుకే ఒక ఊరి గాలి, నీరు, నేల విషమవుతుంటే ముందుగా తేనెటీగలు, చేపలు, పిట్టలు పడతాయి. ఆ తరువాత పసిబిడ్డలు, గర్భిణులు. పెద్దవాళ్ళు చివరన. బిడ్డ కూడా చిన్న శరీరమే కదా.

దీనికి మన దేశంలోనే ఒక పెద్ద నిదర్శనం ఉంది. కేరళలోని కాసరగోడు జిల్లాలో జీడిమామిడి తోటలపై 1970ల చివర నుండి 2000 వరకు హెలికాప్టరుతో ఎండోసల్ఫాన్ చల్లారు. ఆ గ్రామాలవారు ముందుగా గమనించినది తేనెటీగలు చావడం, చేపలు తేలడం, దూడలు వంకర కాళ్ళతో పుట్టడం. ఆ తరువాత సంవత్సరాలలో పుట్టిన పిల్లలలో అంగవైకల్యాలు, మూర్ఛలు, బుద్ధిమాంద్యం ఎక్కువగా కనిపించాయి. 2011 మే నెలలో సుప్రీంకోర్టు దేశమంతటా ఎండోసల్ఫాన్‌ను ఆపివేసింది. 2017 జనవరిలో బాధితులకు 5 లక్షల రూపాయల చొప్పున పరిహారం ఇమ్మని కేరళ ప్రభుత్వాన్ని ఆదేశించింది. తేనెటీగలు చచ్చినప్పుడే ఆ కబురు విని ఉంటే ఎందరు తల్లుల కడుపుకోత తప్పేదో ఆలోచించండి.

ఎండోసల్ఫాన్ మన పత్తి చేలకు కొత్తదేమీ కాదు. నిషేధం వచ్చేవరకు దానిని మన రైతులు కూడా కొట్టినవారే.

విషం చేనులో ఆగదు

చేనుకు కొట్టిన మందు చేనులోనే ఉంటుందని మనం అనుకుంటాము. అది బయటకు పోయే దారులు ఇవి.

మొదటిది విత్తనం. విత్తే ముందు వేరుశనగ, జొన్న, మొక్కజొన్న గింజలకు మందు పట్టిస్తారు. మట్టి కప్పని గింజలను, గట్టుమీద ఒలికిన గింజలను నెమళ్ళు, కౌజు పిట్టలు, గువ్వలు ఏరుకొని తింటాయి. కడుపునిండా తిన్న నెమలి కొంత దూరం పోయి రెక్కలు వేలాడేసి పడిపోతుంది.

రెండవది పురుగు. మందు తగిలిన పురుగు వెంటనే చావదు. మత్తుగా పాకుతూ ఉంటుంది. దానిని పట్టుకోవడం పిట్టకు తేలిక. అది తిన్న పిట్టకు మందు చేరుతుంది, ఆ పిట్టను తిన్న గద్దకు కూడా చేరుతుంది. 1995-96లో దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా దేశంలో మిడతలను చంపడానికి మోనోక్రోటోఫాస్ కొట్టారు. ఆ మిడతలను తిన్న స్వైన్సన్ గద్దలు వేలకొద్దీ చచ్చి పొలాల్లో పడ్డాయి. చలికాలం గడపడానికి ఉత్తర అమెరికా నుండి అంత దూరం ఎగిరి వచ్చిన పక్షులవి. మన పత్తి చేలల్లో ఎన్నో ఏళ్ళు కొట్టినది ఆ మందే.

మూడవది నీరు. తుంగభద్ర దిగువ కాలువ నీరే మన ప్రాంతంలో ఎన్నో పొలాలకు, ఎన్నో ఊళ్ళ గొంతులకు ఆధారం. కాలువ గట్టున కూర్చుని మందు కలపడం, మందు కొట్టే పంపును కాలువలో ముంచి కడగడం, ఖాళీ డబ్బాను వంకలోకి విసరడం మనం చూస్తూనే ఉన్నాము. సైపర్‌మెత్రిన్ వంటి మందులు మనిషికి కొంత తక్కువ విషమే అయినా చేపకు అతి కొద్ది మోతాదులోనే ప్రాణాంతకం. కుంటలో చేపలు వెల్లకిలా తేలితే ఆ నీటిని పశువులకు పెట్టకూడదు, బిడ్డలను దింపకూడదు.

నాలుగవది ఎలుకల మందు. ఎలుకను చంపిన విషం దాని కడుపులో ఉంటుంది. ఆ ఎలుకను తిన్న గుడ్లగూబ, పిల్లి, కుక్క కూడా చావవచ్చు. ఒక్క గుడ్లగూబల జంట పిల్లలను సాకే కాలంలో రాత్రికి ఎన్నో ఎలుకలను పడుతుంది. జెర్రిపోతు కూడా అంతే. ఎలుకలను తినేవాటిని మనమే చంపి, మళ్ళీ ఎలుకల కోసం ఇంకొంత మందు కొంటున్నాము.

ఆసుపత్రి మందు కూడా విషమైన కథ

విషమంటే పురుగుమందు ఒక్కటే కాదు. నడుము నొప్పికి, దెబ్బలకు మేము ఇచ్చే డైక్లోఫెనాక్ ఇంజక్షన్ మీ అందరికీ తెలుసు. అదే మందును పశువులకు కూడా వాడేవారు. మందు వేసిన పశువు చచ్చిపోతే దాని కళేబరాన్ని రాబందులు తినేవి. పశువుకు హాని చేయని ఆ మందు రాబందు మూత్రపిండాలను పాడుచేసి కొద్ది రోజుల్లో చంపేస్తుందని 2004లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. అప్పటికే మన దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి తొంభై తొమ్మిదికి పైగా పోయాయి. ఒకప్పుడు ఊరి బయట పశువు చచ్చిందంటే ఆకాశమంతా రాబందులే ఉండేవని మన పెద్దలు చెబుతారు. ఇప్పటి పిల్లలు రాబందును పుస్తకంలోనే చూస్తున్నారు.

రాబందులు పోయినందువల్ల నష్టం ఎవరికి? కళేబరాలు కుళ్ళి నీటిలో కలిశాయి. వాటిని తిని ఊరకుక్కలు పెరిగాయి, కుక్కకాటు, పిచ్చికుక్క జబ్బు భయం పెరిగింది. రాబందులు లేకపోవడం వల్ల 2000 నుండి 2005 వరకు మన దేశంలో సుమారు 5 లక్షల మంది అదనంగా చనిపోయి ఉంటారని 2024లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. మనం అసహ్యించుకున్న ఆ పక్షి మన ఊరికి జీతం లేని పారిశుధ్య కార్మికుడని పోయాక తెలిసింది.

2006లో పశువులకు డైక్లోఫెనాక్ నిషేధించారు. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలను పశువులకు వాడుతున్నారని 2015లో మనుషుల ఇంజక్షన్‌ను 3 మిల్లీలీటర్ల చిన్న మోతాదుకు పరిమితం చేశారు. 2023లో పశువులకు వాడే కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా నిషేధించారు. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ అనే మందు ఉంది. కాబట్టి మీ ఎద్దుకు, బర్రెకు నొప్పి ఉంటే పశువుల డాక్టరును అడగండి. మీకు రాసిన ఇంజక్షన్లు, మాత్రలు పశువుకు వేయకండి.

మన చుట్టూ ఉన్నవారు

మన కర్నూలు జిల్లా పడమటి మండలాల నల్లరేగడి చేలల్లో కృష్ణజింకలు మందలుగా తిరుగుతాయి. అది మన రాష్ట్ర జంతువు. మొలక దశలో పైరు మేసి రైతుకు నష్టం కలిగిస్తాయన్నది నిజమే. అప్పు తెచ్చి విత్తిన చేను రాత్రికి రాత్రి మేసిపోతే ఆ కడుపుమంట ఎలా ఉంటుందో రైతు కుటుంబాలకు వేరుగా చెప్పనవసరం లేదు. అయినా దానికి మందు కలిపిన దాణా జవాబు కాదు. ఆ దాణాను ముందుగా తినేది పక్కింటి మేక కావచ్చు, ఆడుకునే బిడ్డ ముట్టుకోవచ్చు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టంలో విషం పెట్టి చంపడం కూడా వేట కిందికే వస్తుంది. జింకకు, నెమలికి అలా చేస్తే కనీసం 3 సంవత్సరాలు, గరిష్ఠంగా 7 సంవత్సరాలు జైలుశిక్ష. పంట నష్టాన్ని ఫోటోలు తీసి, ఊరివారందరూ కలిసి అటవీ శాఖకు, రెవెన్యూ వారికి రాతపూర్వకంగా అర్జీ పెట్టుకోవడమే సరైన దారి.

పాత కర్నూలు జిల్లాలోని రోళ్ళపాడు గురించి కూడా తెలుసుకుందాం. అది ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం ఏర్పాటు చేశారు. మనిషి నడుము కంటే ఎత్తుగా నిలబడే ఆ పక్షి గడ్డి బీళ్ళలో నేలమీదనే సాధారణంగా ఒకే ఒక గుడ్డు పెడుతుంది. మిడతలు, పెంకు పురుగులు దానికి ముఖ్య ఆహారం. బీళ్ళు చేలుగా మారడం, కుక్కలు, కరెంటు తీగలు, పురుగుమందులతో మిడతలు తగ్గడం, ఇవన్నీ కలిసి దానిని మింగేశాయి. దేశం మొత్తం మీద ఇప్పుడు 150 కూడా లేవు. రోళ్ళపాడులో కనిపించడమే అరుదైపోయింది. పురుగుమందు ఒక్కటే కారణమని చెప్పలేము. అయితే అన్ని కారణాలలో ఈ ఒక్కదానిని ప్రతి రైతు తన చేతితో తగ్గించగలడు.

పోయినది తిరిగి రాదా అంటే, కొన్నిసార్లు వస్తుంది. అమెరికాలో డి.డి.టి. వల్ల గ్రద్దల గుడ్ల పెంకులు పలచబడి, పొదిగేటప్పుడే పగిలిపోయేవి. 1963లో ఆ దేశపు బట్టతల గ్రద్దలు 417 జతలు మాత్రమే మిగిలాయి. 1962లో రేచల్ కార్సన్ అనే రచయిత్రి రాసిన పుస్తకంతో ప్రజలు మేల్కొన్నారు. 1972లో పంటలకు డి.డి.టి. ఆపారు. 2007 నాటికి ఆ జతలు 9 వేలు దాటాయి. విషం ఆపితే ప్రాణులు తమంతట తామే కోలుకుంటాయి.

మందు లేకుండా పత్తి పండుతుందా?

ఈ మాటలన్నీ విన్నాక రైతు అడిగే ప్రశ్న ఒక్కటే. "అమ్మా, మందు కొట్టకపోతే పంట ఎవరిస్తారు? అప్పు ఎవరు తీరుస్తారు?" ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు మన తెలుగు ఊళ్ళే చెప్పాయి.

ఖమ్మం జిల్లా పాల్వంచ దగ్గర పునుకుల అనే ఊరుంది. ఇప్పుడది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోనిది. పత్తి, మిరప పండించే ఊరు. మందులకు అప్పులు, ఆ అప్పులకు వడ్డీలు, మందు పడి ఆసుపత్రి ఖర్చులు, ఇలా మన ఊళ్ళలాగానే ఉండేది. 1999 నుండి సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ సాయంతో కొందరు రైతులు పురుగుమందు మానుకోవడం మొదలుపెట్టారు. మహిళా సంఘాల స్త్రీలు దానిని తమ పనిగా తీసుకున్నారు. వేపగింజలు పొడి చేసి అమ్మడం వారికి ఒక ఆదాయం కూడా అయ్యింది. 2004 నాటికి ఊరు ఊరంతా పురుగుమందు లేని గ్రామంగా ప్రకటించుకుంది. తరువాత 2006లో జనగామ వైపు ఉన్న ఏనెబావి గ్రామం ఎరువులు కూడా మానుకొని రసాయనాలు లేని ఊరుగా నిలిచింది. ఇదే బాటలో మన రాష్ట్రంలో 2016 నుండి రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయం నడుస్తోంది. ఈ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతిలో భాగం లభించింది.

వారు చేసినవి ఏవీ మనకు చేతకాని పనులు కావు:

1. వేసవిలో లోతుగా దున్నడం. నేలలోని పురుగు గుడ్లు, కోశాలు పైకి వచ్చి ఎండకు, కొంగలకు, గోరింకలకు ఆహారమవుతాయి.

2. పత్తి చుట్టూ మూడు నాలుగు సాళ్ళు జొన్న గానీ మొక్కజొన్న గానీ కంచె పంటగా వేయడం. మధ్యలో అక్కడక్కడ ఆముదం, బంతి ఎర పంటలుగా వేయడం. పొగాకు లద్దె పురుగు ఆముదం మీద, శనగపచ్చ పురుగు బంతి మీద గుడ్లు పెడతాయి. ఆ ఆకులను, పూలను తుంచి నాశనం చేస్తే చాలు.

3. ఎకరానికి పది దాకా పక్షి స్థావరాలు, అంటే అడ్డకర్ర కట్టిన కొయ్యలు నాటడం. తోక చీలిన నల్లపిట్ట, పాలపిట్ట వాటిమీద కూర్చుని పురుగులను ఏరుకుంటాయి. ఈ కూలీలకు కూలి ఇవ్వనవసరం లేదు.

4. ఎకరానికి నాలుగైదు లింగాకర్షక బుట్టలు, పసుపు రంగు జిగురు అట్టలు పెట్టడం. ఏ పురుగు ఎంత ఉందో వీటివల్ల తెలుస్తుంది.

5. ఐదు శాతం వేపగింజల కషాయం. 5 కిలోల వేపగింజల పొడిని రాత్రంతా 10 లీటర్ల నీటిలో నానబెట్టి, పొద్దున వడకట్టి, 100 గ్రాముల సబ్బు కలిపి, 100 లీటర్లు చేసి సాయంత్రం కొట్టుకోవాలి.

6. పత్తి పంటను నెలల తరబడి పొడిగించకుండా సకాలంలో ముగించి, కట్టెను చేలో నిలవ ఉంచకుండా తీసివేయడం. గులాబీ రంగు పురుగు బతికేది ఆ మిగిలిన కాయల్లోనే.

చేలో కనిపించే ప్రతి పురుగూ శత్రువు కాదు. అక్షింతల పురుగు, సాలీడు, అల్లిక రెక్కల పురుగు మన పక్షాన పనిచేసేవి. పురుగు కనబడగానే మందు కొడితే ముందుగా చచ్చేవి ఇవే. శత్రు పురుగు మళ్ళీ వస్తుంది, దానిని తినేవి మాత్రం ఉండవు. రైతు రెండవసారి, మూడవసారి దుకాణానికి పోవడానికి కారణం ఇదే.

కొట్టక తప్పకపోతే

అందరూ ఒక్క ఏడాదిలో మానుకోలేరని మాకు తెలుసు. కొట్టవలసి వస్తే ఈ జాగ్రత్తలు తీసుకోండి.

డబ్బా మీద ముక్కోణపు రంగు చూడండి. ఎరుపు అన్నిటికంటే విషం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. అయితే ఈ రంగు ఎలుకలవంటి జంతువులపై పరీక్షించి మనుషుల కోసం పెట్టిన గుర్తు. తేనెటీగకు, చేపకు ఇది వర్తించదు. ఆకుపచ్చ రంగు ఉందని కాలువలో కడగవద్దు.

రెండు మూడు మందులు కలిపి కొట్టవద్దు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో మనిషెత్తు పెరిగిన పత్తికి మందులు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. కలిపిన మందుల విషం ఎక్కువ, దానికి వైద్యం కష్టం.

పైరు పూత మీద ఉన్నప్పుడు పొద్దున కొట్టవద్దు. తేనెటీగలు పూల మీద ఉండే సమయమది. పొద్దు వాలాక, గాలి తక్కువగా ఉన్నప్పుడు, గాలికి ఎదురు నిలబడకుండా కొట్టండి. పొడుగు చేతుల చొక్కా, ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు ఉండాలి. కాలువ పక్కన, కుంట పక్కన కొన్ని సాళ్ళు మందు లేకుండా వదలండి. మందు కొట్టిన చేలోకి కనీసం ఒక రోజు వరకు ఎవరూ దిగకూడదు. కలుపుకు, పత్తి తీయడానికి పోయే స్త్రీలు "ఈ చేనుకు ఎప్పుడు కొట్టారు?" అని అడిగి తెలుసుకొని దిగండి. సుగ్గికి గుంటూరు వైపు పోయే కుటుంబాలకు ఇది మరీ ముఖ్యం. చంటిబిడ్డను చేను గట్టున పడుకోబెట్టవద్దు.

మందు పట్టించిన విత్తనం ఒలికితే ఏరి మట్టిలో లోతుగా పూడ్చండి. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి ఆ నీటిని పంపులోనే పోసి చేనుకే కొట్టండి. తరువాత డబ్బాకు చిల్లులు పొడిచి, ఇళ్ళకు, బావులకు, కాలువలకు దూరంగా పూడ్చండి. దానిలో మంచినీళ్ళు, నూనె, కిరోసిన్ పోయవద్దు. కాల్చవద్దు.

36 శాతం మోనోక్రోటోఫాస్ ద్రావణాన్ని కేంద్ర ప్రభుత్వం 2023లో నిషేధించింది. ఫోరేట్, డైక్లోర్‌వాస్, ట్రైజోఫాస్ 2020 డిసెంబరు 31 నుండి నిషిద్ధం. ఇంట్లో పాత డబ్బాలు ఉంటే వాడకండి, వ్యవసాయ అధికారికి తెలియజేయండి. ఏ మందునూ ఇంట్లో అందుబాటులో ఉంచవద్దు, తాళం వేసి ఉంచండి. కోపంలో, దిగులులో మనిషి చేతికి ముందు అందేది ఆ డబ్బానే. శ్రీలంక దేశంలో 1995 నుండి అతి విషపు మందులను ఒక్కొక్కటిగా ఆపివేశాక ఆత్మహత్య మరణాలు సగానికి తగ్గాయి. ఇంట్లో ఎవరైనా మాట తగ్గించి, తిండి మాని, దిగులుగా ఉంటే ఒంటరిగా వదలకండి. ఆసుపత్రికి తీసుకురండి, మాట్లాడదాం.

మందు పడితే మొదటి సాయం

చేలో నుండి గాలి ఆడే చోటికి తీసుకురండి. మందు తడిసిన బట్టలు విప్పేయండి. సబ్బుతో, ధారాళంగా నీళ్ళతో పావుగంట ఒళ్ళు కడగండి. కళ్ళలో పడితే పావుగంట మంచినీళ్ళతో కడగండి. తాగిన మనిషికి వాంతి చేయించవద్దు. ఉప్పునీళ్ళు, చింతపండు పులుసు, పాలు, నూనె ఏదీ పోయవద్దు. అవి ఊపిరితిత్తులలోకి పోతే మందుకంటే ముందు అవే ప్రాణం తీస్తాయి. స్పృహ లేకపోతే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 108కి ఫోన్ చేయండి. మందు డబ్బాను, లేకపోతే దాని చీటీని తప్పకుండా వెంట తీసుకురండి. ఏ మందో తెలిస్తే ఆట్రోపిన్, పామ్ వంటి విరుగుడు త్వరగా మొదలుపెట్టగలుగుతాము. కొంచెం తేరుకున్నాడని మధ్యలో ఇంటికి తీసుకుపోవద్దు. రెండు మూడు రోజుల తరువాత కూడా మెడ కండరాలు, ఊపిరి కండరాలు బలహీనపడవచ్చు.

చచ్చిన పిట్ట కనిపిస్తే

ఒకటి రెండు పిట్టలు ముసలితనంతో చావవచ్చు. ఒకే చోట నాలుగైదు పిట్టలు, నెమళ్ళు, చేపలు చచ్చి కనిపిస్తే అది ఊరికి హెచ్చరిక. ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు. కూర వండుకోవద్దు. కుక్కలకు వేయవద్దు. బిడ్డలను, పశువులను ఆ నీటికి, ఆ చేనుకు దూరంగా ఉంచండి. అటవీ శాఖకు, పశువుల డాక్టరుకు, పంచాయతీకి తెలియజేయండి. ఆ రెండు మూడు రోజుల్లో చుట్టుపక్కల ఎవరు ఏ మందు కొట్టారో తెలుసుకోండి. ఊళ్ళో ఎవరికైనా తలనొప్పి, వాంతులు, కళ్ళ మసక ఉంటే ఆసుపత్రికి వచ్చినప్పుడు ఆ సంగతి కూడా మాకు చెప్పండి. పిట్టల గురించి చెబితే నర్సులు నవ్వుతారని అనుకోవద్దు. ఆ ఒక్క మాటతో జబ్బు ఏమిటో తేలిపోవచ్చు.

పాఠం చదివాక ఇంట్లో మాట్లాడుకోవడానికి ప్రశ్నలు

1. మన ఇంట్లో పురుగుమందు ఎక్కడ ఉంది? బిడ్డ చేతికి అందుతుందా?

2. మన చేనుకు కొట్టిన మందు నీళ్ళు చివరకు ఎక్కడికి పోతాయి?

3. మీ చిన్నప్పుడు చేలో చూసిన ఏ పిట్టలు ఇప్పుడు కనిపించడం లేదు? ఇంట్లో పెద్దవారిని అడిగి పేర్లు రాసుకోండి.

4. వచ్చే పంటలో ఒక్క ఎకరానికి, లేదా అర ఎకరానికి, మందు లేకుండా ప్రయత్నించగలమా?

నాలుగవ ప్రశ్నకు "అవును" అన్నవారు మీ గ్రామంలోని రైతు సేవా కేంద్రంలో ప్రకృతి వ్యవసాయ సిబ్బంది గురించి అడగండి. స్త్రీల సమాజంలోనూ, పొదుపు సంఘంలోనూ ఈ పాఠం ఒకసారి చదివి వినిపించండి. పునుకులలో ఊరు మారింది స్త్రీలు పూనుకున్నందువల్లనే అని గుర్తుంచుకోండి. మందు కొన్న రోజున ఎంత ఖర్చయిందో ఒక నోటు పుస్తకంలో రాస్తూ రండి. దాని పక్కనే, చేలో పిట్టలు ఎన్ని వాలాయో పిల్లల చేత రాయించండి. సంవత్సరం చివర రెండు లెక్కలూ కలిపి చూస్తే మీ చేను ఆరోగ్యం మీకే తెలుస్తుంది.

– నర్సింగ్ సూపరింటెండెంట్